సీసా మీద పట్టే చిరునామా

కిందటి వేసవిలో రాజమండ్రి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఆవకాయ సీసాలకు అంటించే లేబుళ్లు అచ్చుకిచ్చింది. లేబుల్ అడుగున తన వంటల వెబ్‌సైటులోని ఆవకాయ పేజీ అడ్రసు వేయమని చెప్పింది. కొన్నవాళ్లు మరుసటి ఏడు తమంతట తామే పెట్టుకోగలగాలని ఆవిడ కోరిక. ప్రెస్సు అబ్బాయి నమూనా పంపాడు. అందులో అడ్రసు ఐదు వరసలు వచ్చింది. అన్నీ శాతం గుర్తులు, సున్నాలు, ఇంగ్లీషు అక్షరాలు.

"ఇదేంట్రా! నేను తెలుగులో చక్కగా పేరు పెడితే ఇలా వచ్చింది? నా ఫోన్లో చూస్తే తెలుగులోనే కనబడుతోందే?"

"నీ ఫోన్లో బ్రౌజరు దాన్ని తెలుగు చేసి చూపిస్తోంది పిన్నీ. లోపల నడిచే అసలు అడ్రసు ఇదే."

"మరి దీన్నెవరు చదువుతారు? ఎవరు కొట్టుకుంటారు?"

ఆ ప్రశ్నతో మొదలైన పని మూడు వారాలు పట్టింది. 2019 నుంచి ఆవిడ రాసిన 140 వంటకాల పేజీలకు కొత్త చిరునామాలు పెట్టాం. తెలుగులో సైటు నడిపే చాలామందికి ఇదే అవసరం పడుతుంది కాబట్టి, చేసిన వరసలోనే చెబుతాను. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇక్కడ ఉదాహరణలుగా ఇస్తున్న కొత్త చిరునామాలను నేను తెలుగు లిపిలో రాస్తున్నాను. బ్రౌజరులో అవి ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయని అనుకుంటూ చదవండి.

శాతం గుర్తులు ఎక్కడివి?

పేజీ చిరునామాలో రెండు భాగాలున్నాయి. మొదటిది డొమైన్, అంటే సైటు పేరు. ఒకసారి కొన్నాక దాన్ని కదిలించం. దాని తర్వాత గీత పెట్టి వచ్చేది దారి. దారిలో చివరి ముక్కను, అంటే ఆ పేజీకే సొంతమైన పేరును, స్లగ్ అంటారు. పత్రికల డెస్కుల్లో ఒక్కో వార్తకు పెట్టుకునే పొట్టి పేరుకు ఉన్న మాటే వెబ్‌కు వచ్చింది. మన పనంతా ఈ దారితో, ఈ స్లగ్‌తో.

1994లో వెబ్ చిరునామాల రూపాన్ని మొదట ప్రమాణంగా రాసుకున్నప్పుడు అందులో ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు, కొన్ని గుర్తులకే చోటు ఇచ్చారు. 2005లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 అనే ప్రమాణం కూడా ఆ హద్దును అలాగే ఉంచింది. ఇంకే లిపైనా సరే బైట్లుగా విడగొట్టి, ఒక్కో బైటునూ శాతం గుర్తుతో, దాని పక్కన రెండు అక్షరాలతో రాయాలి. యూనికోడులో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు 128 గడులున్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆ గడుల్లోని ఏ గుర్తుకైనా మూడు బైట్లు పడతాయి. మూడు బైట్లకు మూడేసి చొప్పున తొమ్మిది అక్షరాలు. మన "క" చిరునామాలో %ఈ0%బీ0%95 అయిపోతుంది. తెలుగులో ఏ గుర్తైనా %ఈ0%బీ0తోనో %ఈ0%బీ1తోనో మొదలుకావాల్సిందే. లేబుల్ మీద ఒకే ముక్క మళ్లీ మళ్లీ అచ్చయినట్టు కనబడింది అందుకే.

మనం అక్షరం అనుకునేది కంప్యూటరుకు ఒక్క గుర్తు కాదు. "పెట్టే" అనే మాటలో మన లెక్కకు రెండక్షరాలే. యూనికోడు లెక్కకు ప, ఎత్వం, ట, పొల్లు, మళ్లీ ట, ఏత్వం కలిసి ఆరు. ఆరు తొమ్మిదులు 54. గుణింతాలు, ఒత్తులు నిండిన మన భాషకు ఈ లెక్క బాగా బరువు.

పిన్ని సైటు వర్డ్‌ప్రెస్ మీద నడుస్తోంది. అందులో స్లగ్ దాచే గడి పొడవు 200 అక్షరాలు. శాతాలుగా మార్చాక 200 దాటే భాగాన్ని సాఫ్ట్‌వేరు కత్తిరిస్తుంది. తెలుగులో ఇది 22 గుర్తులకు మించదు. ఆవిడ పెట్టిన శీర్షిక "ఆవకాయ పెట్టే పద్ధతి కొలతలతో సహా". కాగితం మీద లెక్కేసి చూశాను. ఆవకాయకు 45, పెట్టేకు 54, పద్ధతికి 54, మధ్యలో మూడు అడ్డగీతలు. అక్కడికే 156 అయింది. మిగిలిన 44లో నాలుగు గుర్తులే పడతాయి. అందుకే స్లగ్ "ఆవకాయ-పెట్టే-పద్ధతి-కొలత" దగ్గర తెగి, 192 అక్షరాలతో ఆగిపోయింది. ముందు సైటు పేరు, తేదీ కలుపుకుంటే మొత్తం 231. ఆరేళ్లుగా ఆవిడ తన పేజీకి పూర్తి పేరు ఉందనే అనుకుంది. తెగిన పేరే లోకంలో తిరిగింది.

ఈ చిక్కు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. బ్లాగర్‌లో తెలుగు శీర్షిక పెడితే చిరునామా తయారుచేసేటప్పుడు ఆ అక్షరాలన్నీ రాలిపోయి, చివరికి "బ్లాగ్-పోస్ట్" అనే మాటా, దాని పక్కన ఏదో అంకే మిగిలేవి. వందల తెలుగు కవితలు, కథలు, ప్రయాణాలు అదే పేరుతో ఉండిపోయాయి. తొలినాటి బ్లాగరులు దానికి ఒక ఉపాయం కనిపెట్టారు. ముందు ఇంగ్లీషు అక్షరాల్లో శీర్షిక రాసి ప్రచురించేవారు. చిరునామా స్థిరపడ్డాక శీర్షికను తెలుగులోకి మార్చేవారు. చిరునామాను విడిగా రాసుకునే పెట్టె తర్వాత కాలంలో వచ్చింది.

ముందు లెక్క, తర్వాతే మార్పు

మొదటి రోజు ఒక్క చిరునామా కూడా మార్చలేదు. మార్చకూడదు కూడా. డేటాబేసు మొత్తం, దానితోపాటు సర్వరులోని .హెచ్‌టీయాక్సెస్ ఫైలు నకళ్లు తీసి పక్కన పెట్టాను. తర్వాత స్ప్రెడ్‌షీటులో 140 పేజీల పాత చిరునామాలు ఒక వరసలో దించాను. వర్డ్‌ప్రెస్ 5.5 వెర్షను నుంచి సైట్‌మ్యాప్ దానంతటదే తయారవుతుంది కాబట్టి జాబితా కోసం వెతుక్కోనక్కర్లేదు. ఒక్కో దాని పక్కన గూగుల్ సెర్చ్ కన్సోల్ చెప్పిన రెండు సంగతులు రాసుకున్నాను: ఏ మాటలు వెతికినవాళ్లు ఆ పేజీకి వచ్చారు, మూడు నెలల్లో ఎంతమంది వచ్చారు. ఈ రెండు వరసలు లేకుండా పేర్లు మారిస్తే చీకట్లో చేయి పెట్టినట్టే.

ఆ షీటు చూస్తే పిన్నికే ఆశ్చర్యం వేసింది. ఎప్పుడో రాసి మరిచిపోయిన చింతచిగురు పప్పు పేజీకి రోజూ మనుషులు వస్తున్నారు. ఎంతో మోజుపడి రాసిన పెళ్లి భోజనాల పేజీకి వారానికొకరు. ఏ పేజీ చిరునామాను ఎక్కువ జాగ్రత్తగా ముట్టుకోవాలో ఈ అంకెలే చెప్పాయి.

తర్వాత దారి ఎలా ఉండాలో తేల్చుకున్నాం. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్ కింద పర్మాలింక్స్ అనే చోట ఆరు పద్ధతులుంటాయి. ప్లెయిన్ అంటే ప్రశ్నార్థకం పెట్టి పేజీ నంబరు వేయడం. ఆ లింకు చూసి లోపల పులిహోర ఉందో పూర్ణాలున్నాయో ఎవరూ చెప్పలేరు. డే అండ్ నేమ్‌లో సంవత్సరం, నెల, రోజు, పేరు వరసగా వస్తాయి. పిన్ని సైటు దీని మీదే ఉంది. మంత్ అండ్ నేమ్‌లో రోజు ఉండదు. న్యూమరిక్‌లో ఉత్త అంకె. పోస్ట్ నేమ్‌లో పేరొక్కటే. ఆరోది మన ఇష్టం వచ్చినట్టు కూర్చుకునేది.

వార్తల సైటుకు తేదీ ఉండటం న్యాయమే. అక్కడ తేదీ కూడా వార్తలో భాగం. ఆవకాయకు తేదీ ఎందుకు? 2019 అని కనబడగానే పాతదేమోనని కొందరు వెనక్కి వెళతారు. కొలతలు మాత్రం మా అమ్మమ్మ నాటివే. తేదీ తీసేయాలనే విషయంలో మా ఇద్దరికీ వాదన రాలేదు. వాదన వచ్చింది విభాగం దగ్గర. పచ్చళ్లు, పిండివంటలు, పప్పులు అని దారిలో మధ్యన విభాగం పేరు ఉంటే బాగుంటుందని పిన్ని పట్టుబట్టింది. చూడటానికి అందంగానే ఉంటుంది. కానీ చల్లమిరపకాయలు ఇవాళ వడియాల్లో పెడతాం, రేపు ఊరగాయల్లోకి మారుస్తాం. విభాగం మారిన ప్రతిసారీ చిరునామా మారుతుంది. ప్రపంచవ్యాప్త వెబ్‌ను తయారుచేసిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఈ విషయం మీద ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. మంచి చిరునామాలు మారవని ఆయన వాదన. మారే అవకాశమున్న ఏ సమాచారాన్నీ, ముఖ్యంగా విషయాల వర్గీకరణను, చిరునామాలో పెట్టవద్దని అందులో హెచ్చరించారు. ఆ మాట పిన్నికి వివరించాను. "అంటే ఇంటి అడ్రసులో అద్దెకున్నవాళ్ల పేరు రాయకూడదన్నమాట" అంది. పోస్ట్ నేమ్ ఖాయం చేసుకున్నాం.

తెలుగు లిపా, ఇంగ్లీషు అక్షరాలా

అసలు ఆలోచించాల్సింది ఇక్కడ. నాకు తెలుగు మీద ఉన్న ప్రేమ కొద్దీ తెలుగు స్లగ్గులే ఉంచుదామా అని రెండు రోజులు కొట్టుకున్నాను. గూగుల్ తెలుగు చిరునామాలను బాగానే చదువుతుంది. చదువరుల భాషలోని మాటలే వాడమని దాని సూచనల్లో కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో పేజీలకు తెలుగు పేర్లే చిరునామాలు. బ్రౌజరు పై పట్టీలో అవి కనబడుతుంటే కడుపు నిండినట్టుంటుంది. చివరికి డొమైన్ పేరు కూడా తెలుగులో కొనుక్కోవచ్చు. ".భారత్" అని తెలుగు లిపిలోనే ముగిసే చిరునామాలున్నాయి. డొమైన్ భాగానికి శాతాల పద్ధతి వర్తించదు, ప్యూనీకోడ్ అనే మరో ఏర్పాటు ఉంది.

కాబట్టి వెతుకులాట కోసమే అయితే తెలుగు లిపిని వదులుకోనక్కర్లేదు. మేం వదులుకున్నది మనుషుల కోసం. తెలుగు లింకు నకలు తీసి వాట్సాప్‌లో అతికిస్తే చాలాసార్లు శాతాల గొలుసుగా పడుతుంది. చూసినవాళ్లు ఏదో మోసపు లింకు అనుకుని నొక్కరు. ఎస్సెమ్మెస్సులో మధ్యలో తెగుతుంది. కాగితం మీద అచ్చయితే పనికిరాదు. ఫోన్లో చదివి వినిపించడం అసాధ్యం.

కంటికి కనబడని చిక్కు ఇంకొకటుంది. తెలుగు టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా కొన్ని కీబోర్డులు జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును చేరుస్తాయి. "వెబ్‌సైట్" అనే మాట మధ్యలో అది అవసరం. "చికెన్" లాంటి మాట చివర అది పడితే కంటికి ఏ తేడా ఉండదు, కంప్యూటరుకు మాత్రం అది వేరే మాట. చూడటానికి అచ్చు ఒకేలా ఉన్న రెండు చిరునామాల్లో ఒకటి తెరుచుకుని రెండోది తెరుచుకోకపోతే కారణం పట్టుకోవడానికి గంటలు పడుతుంది.

విజ్ఞాన సర్వస్వానికి, భాష మీద నడిచే సైటుకు తెలుగు లిపి చిరునామానే ఉండాలని ఇప్పటికీ నా అభిప్రాయం. అక్కడ చదువరులు లోపలి లింకుల మీదే తిరుగుతారు. సీసాల మీద, కరపత్రాల మీద, ఫోన్ సంభాషణల్లో బతకాల్సిన చిన్న సైటుకు ఇంగ్లీషు అక్షరాలే మేలు. శీర్షిక, పేజీలోని ప్రతి మాటా తెలుగులోనే ఉంటాయి. గూగుల్ ముఖ్యంగా చూసేది వాటినే.

ఇంగ్లీషు అక్షరాల్లో అనుకోగానే ఏ స్పెల్లింగు అనే ప్రశ్న వస్తుంది. ఆవకాయకు మొదట ఒక్క ఏ వేసేవాళ్లున్నారు, రెండు ఏలు వేసేవాళ్లున్నారు. చివర "కాయ" అని రాయకుండా "కై" అని ముగించేవాళ్లూ ఉన్నారు. గోంగూరలో "గూ"కు యూ పెట్టాలా, రెండు ఓలా? చింతపండులో "త"కు ఉత్త టీ చాలా, పక్కన హెచ్ కూడా ఉండాలా? 1990ల్లో తెలుగును ఇంటర్నెట్టులో ఇంగ్లీషు అక్షరాలతో రాసుకోవడానికి ఆర్‌టీఎస్ అనే కచ్చితమైన పద్ధతి వచ్చింది. లేఖిని అనే పనిముట్టులో టైపు చేసినవాళ్లకు అది వేళ్లకు అలవాటే. కానీ అందులో పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ ఉచ్చారణలో తేడా ఉంటుంది. చిరునామాల దారిలో పెద్దక్షరం, చిన్నక్షరం రెండు వేర్వేరు పేజీలుగా లెక్కకు రావచ్చు. అందుకని అన్నీ చిన్నక్షరాలే వాడాలి. అలా చేస్తే ఆర్‌టీఎస్ కచ్చితత్వం పోతుంది.

మేం చేసింది ఇది. సెర్చ్ కన్సోలులో జనం ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా కొట్టి వెతికారో చూశాం. ఎక్కువమంది ఎలా రాశారో దాన్నే తీసుకున్నాం. ఆవకాయకు ఒక్క ఏ గెలిచింది. చింతపండుకు హెచ్ గెలిచింది. పిన్నికి నచ్చలేదు. "హెచ్ పెడితే చింథపండు అవుతుంది కదరా" అంది. ఆవిడ చెప్పింది ఉచ్చారణకు సరైనదే. కానీ చిరునామా మన ఉచ్చారణను కాపాడే చోటు కాదు. చదువరి వేళ్లు ఎలా పోతాయో అలా ఉండాలి. ఒకసారి "త"కు హెచ్ ఉంటుందని తేలాక 140 పేజీల్లోనూ అదే నియమం పాటించాం. ఒక చోట అలా, ఇంకో చోట ఇలా ఉంటే ఆవిడే మరిచిపోతుంది.

పేర్లు పెట్టడం మాత్రం పిల్లలకు పేర్లు పెట్టినంత సంబరంగా సాగింది. రెండు మూడు మాటలు మించనివ్వలేదు. మాటకూ మాటకూ మధ్య చిన్న అడ్డగీత పెట్టాం. కింద గీత వద్దు. అడ్డగీత వాడమనే గూగుల్ కూడా చెబుతుంది. పైగా లింకు కింద గీత గీసినప్పుడు కింది గీత అందులో కలిసిపోయి కనబడదు. అంకెలు తీసేశాం. "పది రకాల పులిహోర" అనే పేజీలో ఇప్పుడు పదమూడు రకాలున్నాయి, రేపు ఇంకా పెరుగుతాయి. దాని స్లగ్ "పులిహోర-రకాలు" అయింది. రుచికరమైన, కమ్మని, ఈజీగా, ఇలా చేస్తే లాంటి మాటలు శీర్షికలోనే ఉండనిచ్చాం.

ఒక విషయంలో ముందుచూపు అవసరం. ఆవకాయ పేజీకి ఉత్త "ఆవకాయ" అని పెట్టేద్దామని పిన్ని అంది. పెట్టలేదు. బెల్లం ఆవకాయ ఉంది, పెసర ఆవకాయ ఉంది, నువ్వావకాయ రాయబోతోంది. ఇవన్నీ కలిపి చూపే పేజీ ఏదో ఒకనాడు వస్తుంది. ఆ పెద్ద పేరును దాని కోసం అట్టేపెట్టి, ఈ పేజీకి "ఆవకాయ-కొలతలు" అని పెట్టాం. ఇంగ్లీషులో అడ్డగీతతో కలిపి పదిహేడు అక్షరాలు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. చిరునామాలో మాటలు ఉన్నంత మాత్రాన గూగుల్లో పేజీ పైకి ఎగబాకదు. అది చాలా చిన్న అంశమని గూగుల్లో పనిచేసేవాళ్లే పలుమార్లు చెప్పారు. 2025 జనవరి నుంచి ఫోన్లలో వచ్చే వెతుకులాట ఫలితాల్లో దారి భాగాన్ని చూపడం కూడా మానేసి, డొమైన్ పేరు మాత్రమే చూపిస్తున్నారు. చిరునామా మారిస్తే ట్రాఫిక్కు రెండింతలవుతుందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. బాగున్న చిరునామా చేసే మేలు వేరు. నమ్మకంగా నొక్కుతారు, తేలిగ్గా ఇంకొకరికి పంపుతారు, కాగితం మీద అచ్చు వేస్తారు, తమ సైటులో లింకు ఇస్తారు. వెతుకులాటలో ఆ లింకులు కూడా బలం ఇస్తాయి.

పాత దారికి కాపలా

కొత్త పేర్లు షీటులో నాలుగో వరసలో నిండాక మార్పు మొదలుపెట్టాం. పేజీని ఎడిట్‌లో తెరిస్తే కుడిచేతి పక్క పట్టీలో స్లగ్ అని ఉంటుంది. పాతది చెరిపి కొత్తది రాసి సేవ్ నొక్కాలి, అంతే. అంత తేలిక కాబట్టే ప్రమాదం. ఆ ఒక్క నొక్కుతో ఆరేళ్లుగా ఎవరెవరో దాచుకున్న, పంపుకున్న లింకులన్నీ పేజీ దొరకలేదని చెప్పే 404 పేజీకి పోవచ్చు. దాన్ని ఆపేది 301 దారిమళ్లింపు. పాత చిరునామాకు ఎవరొచ్చినా "ఇల్లు శాశ్వతంగా మారింది, కొత్త ఇల్లు ఇదీ" అని సర్వరు చెప్పే జవాబు అది. 302 అంటే తాత్కాలికంగా మారామని అర్థం. ఇక్కడ 301 కావాలి.

వంటకాలు వర్డ్‌ప్రెస్ భాషలో పోస్టులు. పోస్టు స్లగ్ మారిస్తే వర్డ్‌ప్రెస్ పాత పేరును గుర్తుపెట్టుకుని తనే మళ్లిస్తుంది. చాలామంది దీన్నే నమ్ముకుంటారు. అయితే ఈ సౌకర్యం పోస్టులకే. "మా గురించి", "ఆర్డరు ఎలా ఇవ్వాలి" లాంటివి పోస్టులు కావు, పేజీలు. ఒకదాని కింద ఒకటి అమర్చుకునే వీలున్న ఈ రకానికి అది పనిచేయదు. నేనా తేడా గమనించకుండా ఆర్డరు పేజీ పేరు మార్చాను. రెండు రోజులు ఆ పేజీ పాత లింకు తెరుచుకోలేదు. మామిడికాయల కాలంలో రెండు రోజుల ఆర్డర్లంటే చిన్న విషయం కాదు. పిన్ని నన్నేమీ అనలేదు, కానీ ఆ తర్వాత ప్రతి పాత లింకునూ నొక్కి చూశాకే ముందుకు కదిలాను.

పైగా మేం రెండు మార్పులు ఒకేసారి చేస్తున్నాం. తేదీ పోతోంది, స్లగ్ మారుతోంది. జాగ్రత్త తీసుకోకపోతే పాత లింకు ముందు తేదీ లేని పాత పేరుకు, అక్కడి నుంచి కొత్త పేరుకు రెండు మెట్లు ఎక్కుతుంది. గూగుల్ బాటు పది మెట్ల దాకా ఓపిగ్గా ఎక్కుతుంది గానీ, పల్లెలో సిగ్నలు సరిగా లేని ఫోనుకు ప్రతి మెట్టూ ఆలస్యమే. అందుకే మన షీటులోని మొదటి వరస నుంచి నాలుగో వరసకు నేరుగా, ఒక్కో పేజీకి ఒక్కో నియమం రాశాను. రిడైరెక్షన్ అనే ఉచిత ప్లగిన్‌లో షీటును ఒకేసారి ఎక్కించవచ్చు. సర్వరు మీద చేయి తిరిగినవాళ్లు .హెచ్‌టీయాక్సెస్‌లోనే రాసుకోవచ్చు. అలా రాస్తే మన నియమాలు వర్డ్‌ప్రెస్ తన కోసం గుర్తు పెట్టుకున్న భాగానికి పైన ఉండాలి. ఆ భాగం లోపల రాసినవాటిని అది ఎప్పుడైనా చెరిపి తిరగరాస్తుంది.

తెలుగు చిరునామాలకు ఇక్కడ ఒక మెలిక ఉంది. అపాచీ సర్వరు పోల్చే ముందు శాతాలను విప్పి అక్షరాలు చేసుకుంటుంది. నియమంలో శాతాల గొలుసు రాస్తే కలవదు. యూటీఎఫ్-8లో దాచిన ఫైలులో తెలుగు లిపిలోనే రాయాలి. అదీ పూర్తి శీర్షిక కాదు, తెగిపోయిన రూపం. మా ఆవకాయకు "కొలతలతో" అని రాస్తే పనిచేయదు, "కొలత" అనే రాయాలి. ప్రతి పేరూ ఎక్కడ తెగిందో చూసుకుంటూ వెళ్లడానికే నాకు ఒక పూట పట్టింది.

తీసేసిన వంటకాల పాత లింకులన్నింటినీ మొదటి పేజీకి మళ్లించేద్దామని కొందరు సలహా ఇస్తారు. చేయకండి. మజ్జిగపులుసు కోసం వచ్చినవాళ్లను వీధి గుమ్మంలో నిలబెట్టినట్టుంటుంది. అలాంటివాటిని గూగుల్ కూడా లేని పేజీల కిందే లెక్కేస్తుంది. దగ్గరి వంటకం ఉంటే దానికి పంపాలి, లేకపోతే లేదని చెప్పడమే మర్యాద.

ఇక మిగిలింది ఇల్లు సర్దుకోవడం. పేజీల లోపల ఒకదాని నుంచి ఇంకోదానికి ఇచ్చిన లింకులు, మెనూలు కొత్త చిరునామాలకు మార్చాలి. మన సైటులోనే మనం దారిమళ్లింపు మీద తిరగడం బాగుండదు. వర్డ్‌ప్రెస్‌ను ఆదేశాలతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐ అనే పనిముట్టులో వెతికి మార్చే ఆదేశం ఉంది. ముందు డ్రై రన్ పెట్టి ఎన్ని చోట్ల మారుతుందో చూసుకోవాలి. జీయూఐడీ అనే వరసను మాత్రం ముట్టుకోకుండా వదిలేయాలి. అది చిరునామాలా కనబడినా, ఫీడ్ రీడర్లు పోస్టును గుర్తుపట్టే ముద్ర. పాత లింకులు కొన్ని చోట్ల తెలుగులో, కొన్ని చోట్ల శాతాలలో దాగి ఉంటాయి కాబట్టి రెండు రకాలుగానూ వెతకాలి. పేజీ అసలు చిరునామా ఇదేనని చెప్పే కెనానికల్ ట్యాగు కొత్త పేరే చూపిస్తోందో లేదో పేజీ మూలం తెరిచి చూశాను. సెర్చ్ కన్సోలులో సైట్‌మ్యాప్ మళ్లీ ఇచ్చాను. అందులో ఛేంజ్ ఆఫ్ అడ్రస్ అని ఒక పనిముట్టు కనబడుతుంది. అది డొమైనే మారినవాళ్లకు, మనకు అక్కర్లేదు.

తర్వాత ఓపిక పట్టాలి. గూగుల్ పాతవాటిని వదిలి కొత్తవాటిని పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా అంకెలు కాస్త ఊగుతాయి. భయపడి మళ్లీ వెనక్కి మార్చడమే అన్నిటికన్నా పెద్ద నష్టం. మళ్లింపులను కనీసం ఏడాది ఉంచమని గూగుల్ అంటుంది. నేను పిన్నికి ఎప్పటికీ తీయవద్దని చెప్పాను. నూట నలభై వరసల ఫైలు ఏ సర్వరుకూ బరువు కాదు.

లేబుల్ మళ్లీ అచ్చుకి వెళ్లింది. 231 అక్షరాల అడ్రసు 45కు దిగి ఒక్క వరసలో ఇమిడింది. పక్కనే క్యూఆర్ కోడు వేయించాం. పాత చిరునామాతో చేసిన కోడులో వరసకు 61 గడులున్నాయి. కొత్తదానికి 33 సరిపోయాయి. రెండు సెంటీమీటర్ల చోటులో, నూనె మరక పడ్డా ఫోను కెమెరా పట్టుకోగలిగింది.

ఈ మే నెలలో నేను రాజమండ్రిలో ఉండగా పిన్నికి ఒక ఫోన్ వచ్చింది. తుని దగ్గర నుంచి ఒకావిడ. లాక్‌డౌన్ రోజుల్లో వాళ్ల మహిళా మండలి గ్రూపులో ఎవరో పంపిన లింకును దాచుకుందిట. ప్రతి ఏడూ కాయలు రాగానే అదే నొక్కి కొలతలు చూసుకుంటుందిట. ఈ ఏడూ నొక్కింది, పేజీ వచ్చింది. ఆవపిండి పాళ్ల దగ్గర అనుమానం వచ్చి ఫోన్ చేసింది. పిన్ని పాళ్లు చెప్పి, "మీ అమ్మాయికి కూడా పంపండమ్మా, రాసుకోండి" అని అడ్రసు చదవడం మొదలుపెట్టింది. ఒక్క ఏ అని చెప్పింది. అడ్డగీత అని చెప్పింది. అవతలావిడ రాసుకున్నది తిరిగి చదివింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.